బోణీ చెయ్యి

"దింపండ్రా ఆ బస్తాలు," అన్నాడు వెంకటరామయ్య.

హమాలీలు ఆగిపోయారు. ట్రాలీ ఆటోలోకి అప్పటికే సగం సరుకు ఎక్కింది. ఎక్కించమన్నది కొడుకు, దింపమంటున్నది తండ్రి. బస్తా భుజాన ఉన్నవాడు ఉన్నట్టే నిలబడి ఫణి మొహం చూశాడు.

"ఎక్కించండి," అన్నాడు ఫణి.

"దింపమన్నా."

"ఏంది నాన్నా ఇది, నడిబజార్లో! ఈపూరోళ్లు, నెకరికల్లోళ్లు ఎదురుచూస్తన్నారు. వెబ్‌సైట్లో ఆర్డరు పెడితే తెల్లారేసరికి సరుకు గుమ్మంలో ఉంటదని ఊరూరా తిరిగి చెప్పొచ్చా."

"చెప్పుకో. బోణీ కాని సరుకు నా గడప దాటదు."

"నిన్న అయింది గదా బోణీ! చుట్టాలందరి ముందూ అయింది."

"ఎవరు చేశారు?"

ఫణి ఆటో వైపు తిరిగాడు.

బోణీ అంటే నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ పొద్దున్నే మొదటి బేరం చెడగొడితే కొట్టువాడు ఎట్లా చూస్తాడో ఆ నవ్వేవాళ్లూ ఎరుగుదురు. మల్లమ్మ సెంటరు దగ్గర 'శ్రీ కన్యకాపరమేశ్వరి కిరాణా మర్చంట్స్'లో ఏ రోజైనా మొదటి పొట్లం వెంకటరామయ్య కూతురి చేతి మీదుగానే పోవాలి. కన్యక ఆరేళ్లప్పుడు, కొట్టు తెరిచిన రోజున ఎవరికో పసుపుకొమ్ముల పొట్లం అందించింది. ఆ సాయంత్రానికి కొట్టులో బస్తా మిగల్లేదు. అప్పటినుంచి అది బోణీ చెయ్యి అయిపోయింది. డిగ్రీ చదివేటప్పుడు ఆమె చూపు మసకబారడం మొదలై, నాలుగైదేళ్లలో పూర్తిగా పోయింది. "పోయింది కళ్లేగా, చెయ్యి కాదుగా," అన్నాడు ఆయన. అందుకని బోణీ ఆమెదే, గల్లాపెట్టె పక్కన చేతుల కుర్చీ ఆమెదే, పల్లెల్లో చిల్లర కొట్లవాళ్ల ఫోను ఆర్డర్లన్నీ ఆమెవే.

ఈ నెలలో కొట్టుకి కొత్త కౌంటరు వచ్చింది. కుర్చీ మేడమీదికి పోయింది. రోజూ పొద్దున్నే బోణీ చేసి ఆమె కూడా పైకి పోతోంది. ఇప్పుడు కొట్టుకి ఫోను చేస్తే, "దయచేసి మా వెబ్‌సైట్ చూడండి," అని ఎవరిదో రికార్డు గొంతు పలుకుతోంది.

ఆ వెబ్‌సైటుకే నిన్న ప్రారంభం. కంప్యూటరుకి కుంకుమబొట్టు పెట్టారు, టెంకాయ కొట్టారు. "తొలి ఆర్డరు మా అక్క పెడతది," అని ఫణే గొప్పగా చెప్పి ఆమె ఫోను ఆమె చేతికిచ్చాడు. వేలు పెట్టినచోట తెర మీద ఏముందో ఆ ఫోను చదివి చెబుతుంది, ఆమె వింటూ నొక్కుతుంది. ఏళ్ల తరబడి బ్యాంకు పనులూ, వార్తలూ, వాట్సాపూ అన్నీ అలాగే నడుస్తున్నాయి. నిన్న మాత్రం అది ఏం చదివింది? "చిత్రం. చిత్రం. బటన్. బటన్. చిత్రం." పప్పేదో ఉప్పేదో ఒక్క ముక్క లేదు. చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఫణికి చెమటలు పట్టాయి. ఫోను లాక్కుని తనే టకటకా నొక్కి, "అయిపోయింది! అక్క చేత్తో బోణీ!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక కన్యక అంది: "నేను నొక్కలేదు."

అదీ సంగతి. ఇప్పుడు బజార్లో ఆటో ఆగిపోయింది.

"ఎవరు నొక్కితే ఏంది నాన్నా, ఆర్డరు పడింది గదా!"

"బోణీలో అబద్ధమాడినోడు తూకంలో ఆడడని నమ్మకమేంది?"

ఆ మాట హమాలీల ముందే అన్నాడు. ఫణి చెవులు ఎర్రబడ్డాయి.

"తూకం దాకా పోమాక నాన్నా. చానా దూరం పోతన్నావు."

"పోయింది నువ్వు. నేను గల్లా కాడే ఉన్నా."

"నొక్కమంటే నొక్కనిది అక్క. తిట్లు నాకా?"

"ఎందుకు నొక్కలేదో అడిగావా?"

అడగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఫణి ఆటోవాడికి చెయ్యి ఊపి లోపలికి పోయాడు. బస్తాలు ఒక్కొక్కటే దిగి గోడవారన చేరాయి.

*

మేడమీద వరండాలో కన్యక అదే చేతుల కుర్చీలో కూర్చుని కింది మాటలన్నీ వింది. వినకుండా ఎట్లా ఉంటుంది, వాళ్లిద్దరి గొంతులూ గడియారస్తంభం దాకా వినపడతాయి.

పక్కనే ఫణి భార్య శ్రీలేఖ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆ పిల్ల ఈ ఇంటికొచ్చి రెండేళ్లు. ఎవరి వైపూ మాట్లాడకుండా నెట్టుకొచ్చింది. ఇవాళ నెట్టుకురావడం కుదిరేట్టు లేదు.

"మెల్లగా చెప్పాల్సింది వదినా."

"మెల్లగానే చెప్పా."

"మెల్లగానే చెప్పావు. అందరికీ వినపడేట్టు చెప్పావు."

కన్యక నవ్వింది. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. "నిజమే. వినపడాలనే చెప్పా. వాడు నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు లేఖా. చంటిపిల్ల చేతిలో కత్తిపీట లాక్కున్నట్టు లాక్కున్నాడు. నాకు మండింది."

"ఆయనకీ మండుతోంది. నిన్న సూట్‌కేసు మంచం కిందనుంచి బయటికి లాగారు. ఏందని అడిగితే, ఏం లేదని మళ్లీ లోపలికి తోశారు."

"విన్నా. దాని చక్రం ఒకటి కీచుమంటది."

శ్రీలేఖ చేతులు ఆగాయి. ఇంకేమన్నా చెబుతుందేమోనని ఎదురుచూసింది.

అప్పుడే కన్యక ఒళ్లో ఫోను మోగింది. ఈపూరు జక్కయ్య. బస్టాండ్ పక్కన చిన్న బడ్డీకొట్టు. అంతకుముందు పిడుగురాళ్ల క్వారీల్లో పనిచేసేవాడు. అక్కడ క్రషర్‌లో కుడిచేతి వేళ్లు మూడు పోయాకే కొట్టు పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు బతికే ఉన్నావా తల్లే? కొట్టుకి ఫోను చేస్తే ఎవత్తో ఇంగిలీషు పిల్ల ఎత్తతంది!"

"తెలుగే బాబాయ్ ఆ పిల్లది కూడా. రికార్డు."

"ఏ రికార్డోగానీ నాకు జవాబు చెప్పదు. ఇట్టా కాదని మీ ఫణిబాబు చెప్పిన దాంట్లో నేనే పెట్టా ఆర్డరు. ఆ నొక్కేయి ఆవగింజలంతున్నయ్యమ్మా! బొటనవేలుతో ఒకదాని మీద పెడితే పక్కదాని మీద పడతంది. కందిపప్పు అడిగితే కర్పూరం అంటంది. కర్పూరం తీద్దామంటే ఇంకో పెట్టె కర్పూరం పడింది. ఈపూరంతా హారతిచ్చినా అయిపోదు అంత కర్పూరం!"

"సరుకు రాదులే బాబాయ్. నాన్న ఆపేశాడు."

"ఆపాడా? సచ్చి బతికాను. ఇదిగో, రాసుకో మరి. కందిపప్పు, బెల్లం..."

కన్యక నోరు తెరిచింది. రాసుకోవడమంటే ఆమెకు ఫోనులో మాట రికార్డు చేసి గోడౌనుకి పంపడం. ఎన్నేళ్లుగానో చేసిన పని. కానీ ఆ పని ఇప్పుడు తనది కాదు. ఫణి గోడౌనువాళ్లకు గట్టిగా చెప్పాడు, వెబ్‌సైటులో రానిది కట్టొద్దని.

"రెండ్రోజులు ఆగు బాబాయ్," అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది. ఆ కొయ్య నున్నగా అరిగి ఉంటుంది, ఆమె అరచేతుల వల్లే.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకటరామయ్య లేడు. కొట్టులోనే క్యారియరు తెప్పించుకున్నాడు. అలిగినప్పుడల్లా ఆయన చేసేది అదే.

ఫణి పప్పు కలుపుకుని తినకుండా కూర్చున్నాడు. శ్రీలేఖ నెయ్యి వేసింది. మజ్జిగ దాకా అట్లాగే గడిచింది.

"నీ కోసం వేరే పేజీ చేయిస్తా," అన్నాడు చివరికి, పళ్లెంలోకి చూస్తూ. "పెద్ద పెద్ద అక్షరాలతో."

"ఫణీ, నాకు కనపడదురా. ఎంత పెద్ద అక్షరమైతే కనపడతది?"

శ్రీలేఖకు నవ్వొచ్చింది. గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

"అదిగాదు. ఒక నీలం బొమ్మ పెడితే చాలంట. దాని మీద నొక్కితే అన్నీ సరిపోతయ్యంట. నెట్లో చూశా."

"ఆ బొమ్మ యాడుందో నాకెవరు చెప్తారు?"

ఫణి చెయ్యి కడుక్కున్నాడు, ఇంకా తినాల్సింది ఉండగానే. "నేనేం చేసినా నీకు తప్పే. నీ కోసమే గదా బోణీ పెట్టించా? వేరే ఎవరి చేతైనా పెట్టించలేకనా?"

"నా కోసమా? కుర్చీ పైకి పంపింది కూడా నా కోసమేనా?"

"ఆఁ, నీ కోసమే!" గొంతు లేచింది. "గుంటూరు నుంచి కంపెనీ వాళ్లొచ్చారు. నిన్ను చూసి, 'పాపం, ఎవరండీ ఈమె' అన్నాడు ఒకడు. పాపమంట! నువ్వు పొద్దున్నుంచి పొద్దుపోయే దాకా అరవై ఊళ్ల ఆర్డర్లు నోటికి చెప్పే మనిషివి, నిన్ను పట్టుకుని పాపమంట. నాకు వాడి మొహం పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేం గదా, సరుకు వాడే ఇవ్వాలి. అందుకే... ఎవరి కళ్లా పడకుండా ఇంట్లో హాయిగా ఉంటావని..."

ఈ సంగతి కన్యకకు ఇప్పటిదాకా తెలియదు. తమ్ముడి మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"వాడొక్కడు పాపమన్నాడు," అంది. "నువ్వు కుర్చీ తీసేసరికి బజారంతా అంటంది."

"అయితే మీరిద్దరే ఏలుకోండి కొట్టు. హైదరాబాద్‌లో నాతో చదివిన ఆనంద్ బాబు ఎప్పట్నించో ఉద్యోగానికి రమ్మంటన్నాడు. ఇక్కడ చాకిరీ చేసి తిట్లు తినే కంటే..."

"పోతానని బెదిరిస్తన్నావా?"

"చెప్తన్నా."

"సరే. పోయే లోపల ఆ వెబ్‌సైటు చేసిన పిల్లని ఒకసారి పిలిపించు. నా చేత్తో నేను నొక్కగలిగితే బోణీ చేస్తా. నాన్న సరుకు వదులుతాడు. నీకూ అదేగా కావాల్సింది?"

అదే కావాల్సింది. ఫణి ఫోను తీశాడు.

*

ఫర్హీన్ బరంపేటలో ఇంటి నుంచే పనిచేస్తుంది. వెబ్‌సైట్లు చేసిపెట్టడం మొదలుపెట్టి నాలుగేళ్లు. వస్తూనే ల్యాప్‌టాప్ తెరిచి కన్యక ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంది.

"మీరు వాడినట్టే వాడండక్కా. నేను మాట్లాడను."

కన్యక వేలు జరిపింది. చిత్రం. చిత్రం. బటన్. ఫోను చదువుతున్నంతసేపూ ఫర్హీన్ మొహం మాడిపోతూ వచ్చింది. సరుకు పేర్లూ రేట్లూ అన్నీ బొమ్మల్లోనే అచ్చయి ఉన్నాయి. బొమ్మ వెనక ఆ మాటలు విడిగా రాస్తే ఫోను చదువుతుంది. రాయలేదు. బుట్ట గుర్తుకీ, ప్లస్సుకీ, మైనస్సుకీ పేర్లు లేవు.

"సార్ బొమ్మలు ఎక్కువ కావాలన్నారు, అక్షరాలు తక్కువ అన్నారు," అంది ఫర్హీన్. "నేను మొదట్లో అడిగాను సార్, ఎవరెవరు వాడతారని. మా వాళ్లంతా మామూలోళ్లే అన్నారు మీరు."

ఫణి కిటికీలోంచి బయటికి చూశాడు. "అక్క గురించి అడుగుతున్నావనుకోలేదు."

"నేనూ గట్టిగా అడగలేదులెండి. చూడ్డానికి బాగుంది గదా అని ఊరుకున్నా." ఆ పిల్ల దాచుకోకుండా ఒప్పుకుంది. "నీలం బొమ్మ పెట్టమన్నారు గదా, అది పైన స్టిక్కరు అంటించడమే సార్. లోపల మార్చకపోతే లాభం లేదు. మారుస్తాను. శని, ఆదివారాలు నాకివ్వండి."

రెండు రోజులూ బల్ల దగ్గరే గడిచాయి. ఫర్హీన్ ఒక్కో సరుకుకీ పేరు రాయడం, కన్యక వినడం. "కందిపప్పు బొమ్మ అని రాయమాకమ్మా. కందిపప్పు, కొత్త పంట, బస్తా అని రాయి. కొట్టోడికి కావాల్సింది అది." జక్కయ్య కోసం బటన్లు పెద్దవి చేయించింది, ఒకదానికొకటి దూరంగా జరిపించింది. తెల్లటి మీద బూడిదరంగు అక్షరాలు ఉన్నాయని ఫర్హీన్ చెబితే, "నాన్న కళ్లజోడుకి కూడా అందవు, నల్లగా పెట్టు," అంది. కొట్టులో కూర్చున్నప్పటి గొంతు మళ్లీ వచ్చింది ఆమెకు. శ్రీలేఖ కాఫీలు ఇస్తూ అది గమనించింది.

ఒక్కచోట పని ఆగింది.

"అక్కా, బుట్టలో సరుకు వేశాక ఐదు నిమిషాల్లో ఆర్డరు పెట్టెయ్యాలి. లేకపోతే అంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. మీరు విని విని నొక్కాలి, జక్కయ్య గారికి మూడు వేళ్లు లేవు. ఇంకాస్త టైము అడిగే బటన్ పెడదామంటే సార్ వద్దంటున్నారు."

"వద్దంటే వద్దనే," ఫణి అందుకున్నాడు. "పప్పు రేటు పూటకో తీరుగా ఉంది. ఒకడు పొద్దుటి రేటు పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటే నష్టం ఎవరికి?"

"సాయంత్రం దాకా ఎవరడిగారురా? ఇంకో ఐదు నిమిషాలు."

"ముందు బోణీ కానీ. తర్వాత చూద్దాం."

తర్వాత చూద్దాం అనే మాట ఎన్నిసార్లు విన్నదో కన్యక. కుర్చీ పైకి పోయిన రోజు కూడా, "ముందు కౌంటరు పని కానీ అక్కా, తర్వాత చూద్దాం," అన్నాడు వీడే.

"పోనీలే ఫర్హీన్," అంది. "ఎంత టైము మిగిలిందో చెప్పేట్టయినా చెయ్యి."

"అది చేశానక్కా."

*

సోమవారం పొద్దున్నే కొట్టు కడిగి ముగ్గు పెట్టారు. ఈసారి చుట్టాల్ని పిలవలేదు. వెంకటరామయ్య గల్లా దగ్గర, ఫణి కంప్యూటరు దగ్గర, శ్రీలేఖ హారతి పళ్లెంతో అమ్మవారి పటం దగ్గర. ఫర్హీన్ గుమ్మం పక్కన నిలబడింది. బయట ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంది. గోడవారన బస్తాలు అట్లాగే ఉన్నాయి.

కన్యకకు కూర్చోడానికి చోటు లేదు. కొత్త కౌంటరుకి ఆనుకుని నిలబడింది. అది చల్లగా ఉంది, ఏ అంచు ఎక్కడుందో చేతికి ఇంకా అలవాటు కాలేదు.

"రాహుకాలం వచ్చేలోపు కానియ్యమ్మా," అన్నాడు తండ్రి.

ఆమె ఫోను తీసింది. వేలు జరిపింది.

"పసుపుకొమ్ములు, దుగ్గిరాల రకం, కిలో పొట్లం," అంది ఫోను.

వెంకటరామయ్య తలెత్తాడు. ముప్పై ఏళ్ల కిందటి తొలి పొట్లం ఆయనకు గుర్తుంది. ఆమె కావాలనే అది ఎంచుకుంది. ఆయన కళ్లు తుడుచుకోవడం శ్రీలేఖ ఒక్కతే చూసింది.

"ఒకటి పెంచండి, బటన్. బుట్టలో వేయండి, బటన్. బుట్టలో ఒక సరుకు ఉంది. ఐదు నిమిషాలు మిగిలాయి."

ఎక్కడా తడబడలేదు. పేరు, ఊరు, వీధి. ఒక్కోటీ విని, నింపి, ముందుకు పోయింది. ఫణి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వాడి పెదాల మీదికి మెల్లగా నవ్వు వచ్చింది. ఎంత కోపమున్నా అక్క గెలుస్తుంటే వాడికి సంతోషమే.

"ఆర్డరు పెట్టండి, బటన్. ఒప్పుకోడానికి రెండుసార్లు తట్టండి."

కన్యక వేలు తెర మీదనుంచి తీసింది.

"ఏమైందక్కా? అదే ఆఖరిది. తట్టు."

"తెలుసు."

"మరి?"

"ఇది తట్టితే మీ పని అయిపోయిద్ది," అంది. "సరుకు కదులుద్ది. నాన్న శాంతిస్తాడు. రేపట్నించి నాకేం పని?"

బయట ఆటోవాడు ఒకసారి హారన్ కొట్టాడు.

"ఇప్పుడా ఈ మాటలు?" ఫణి అన్నాడు.

"ఇప్పుడు గాక ఎప్పుడు? తట్టాక అడిగితే తర్వాత చూద్దాం అంటావు. నా కుర్చీ గల్లా పక్కన ఉండాల. వెబ్‌సైట్లో ఏ సరుకు ఎక్కినా, ఏ రేటు మారినా నా చేతి మీదుగా మారాల. నేను వాడలేనిది ఏదీ అందులో పెట్టడానికి లేదు. ఆ ఐదు నిమిషాలతో సహా."

"మూడు నిమిషాలు మిగిలాయి," అంది ఫోను.

"ఒరేయ్ ఫణీ, సరే అనరా," అన్నాడు వెంకటరామయ్య.

"నువ్వు చెప్పు నాన్నా." కన్యక తండ్రి గొంతు వైపు తిరిగింది. "వాడు కుర్చీ తీస్తన్నప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. ఒక్క మాట అనలేదు. బోణీ తప్పిందని బస్తాలు దింపించావు. నేను మేడమీద కూర్చున్నందుకు ఒక్క బస్తా అయినా దింపావా?"

ఆయన గల్లాపెట్టె మూత తీశాడు, మళ్లీ వేశాడు.

"బోర్డు మీద నీ పేరే ఉంది గదమ్మా," అన్నాడు చివరికి.

"అది అమ్మవారి పేరు నాన్నా."

"రెండు నిమిషాలు మిగిలాయి."

"అక్కా, నీకు దండం పెడతా. తట్టు. అన్నీ మాట్లాడుకుందాం."

"మాట్లాడు. తర్వాత తడతా."

ఫణి దవడలు బిగుసుకున్నాయి. ఇన్ని రోజులుగా ఊళ్లవాళ్లతో తిట్లు తిన్నది వాడు. కౌంటరు కోసం అప్పు తెచ్చింది వాడు. ఇప్పుడు అందరి ముందూ షరతులు. అవుననడానికి నోరు రాలేదు, కాదనడానికీ రాలేదు. ఫర్హీన్ తలదించుకుంది. శ్రీలేఖ చేతిలో కర్పూరం కరిగిపోతోంది.

"ఒక నిమిషం మిగిలింది," అంది ఫోను. కాసేపాగి, అడక్కుండానే మళ్లీ చెప్పింది. "ఆర్డరు పెట్టండి, బటన్. ఒప్పుకోడానికి రెండుసార్లు తట్టండి."

కన్యక వేలు దించలేదు.

"సమయం ముగిసింది. మీ బుట్ట ఖాళీగా ఉంది. మొదటి నుంచి మొదలుపెట్టండి."

వెంకటరామయ్య గల్లా దగ్గరనుంచి లేచాడు. బేరాలవేళ ఆయన లేవడం ఆ కొట్టులో ఎవరూ ఎరగరు.

"మొదట్నించే కానీ తల్లీ," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. "తప్పు నాది. ఫణీ, పోయి ఆ కుర్చీ పట్టుకురా."

ఫణి కదల్లేదు.

"నేను తెస్తాను మామయ్యగారూ," అంది శ్రీలేఖ.

"నువ్వొద్దు లేఖా," అంది కన్యక. "తీసినవాడే తేవాల."

ఫణి అక్కవైపు చూశాడు, తండ్రివైపు చూశాడు. కంప్యూటరు మీదనుంచి చెయ్యి తీసేసి వెనక మెట్ల వైపు పోయాడు. వాడి అడుగులు పైకెక్కడం వినిపించింది. వరండాలోకి పోయాయి. ఆగాయి.

కింద అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ఆటోవాడు కూడా గుమ్మంలోంచి తొంగిచూశాడు.

పైన ఏదో ఈడుస్తున్న చప్పుడైంది.

"తెస్తన్నాడు," అన్నాడు వెంకటరామయ్య. ఆయన మొహం తేటపడింది. "ఎంతైనా నా కొడుకు. తెస్తన్నాడమ్మా, ఫోను తియ్యి."

కన్యక ఫోను తియ్యలేదు. తల పైకెత్తి వింటోంది. ఆమె మొహంలో రంగు పోయింది.

"కుర్చీ కాదు నాన్నా," అంది. "చక్రం కీచుమంటంది."

శ్రీలేఖ హారతి పళ్లెం కింద పెట్టేసి మెట్ల వైపు పరిగెత్తింది.